కదిరిలో మొదలయ్యే నేరం, పుణెలో ఆగిపోయే కేసు

వ్యభిచారం కోసం మనిషిని తరలించిన నేరాన్ని రెండు చోట్ల విచారించవచ్చు: బాధితురాలిని ఏ ఊరి నుంచి తీసుకుపోయారో అక్కడ, లేదా చేర్చిన ఊళ్లో. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం (పిటా) ఐదో సెక్షన్‌ ఈ సంగతి స్పష్టంగానే చెబుతుంది. ఆచరణలో మాత్రం రెండోదే రివాజు. పుణె బుధవార్‌ పేటలో దాడి జరిగితే కేసు అక్కడే నమోదవుతుంది, అక్కడే నడుస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాకు, ముఖ్యంగా ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న కదిరి ప్రాంతానికి, ఈ అలవాటు చేసిన చేటు తక్కువేమీ కాదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, దాన్నే నమ్ముకున్న వేరుశనగ, ఎండిపోయిన బోర్ల మీద మిగిలిన అప్పు. బెంగళూరుకో కేరళకో వలస పోవడం ఇక్కడ మామూలే కనుక, పని ఇప్పిస్తానన్న మనిషిని ఎవరూ అనుమానించరు. కదిరి, తనకల్లు, నల్లచెరువు వైపు పల్లెల నుంచి మహిళలను పుణె, ముంబై, ఢిల్లీలకు చేర్చిన దళారుల్లో తెలిసినవాళ్లే ఎక్కువ. దూరపు బంధువు, పక్క వీధి ఆమె, ఒక్కోసారి అదే నరకం చూసి వచ్చిన మనిషి. ఇదంతా కరువు వల్లేనని అనేయడం సులువు. కరువు మీద ఎఫ్‌ఐఆర్‌ వేయలేం.

చట్టం మెత్తగా ఏమీ లేదు. జస్టిస్‌ వర్మ కమిటీ నివేదిక తర్వాత 2013లో భారత శిక్షాస్మృతి 370వ సెక్షన్‌ను తిరగరాశారు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌ వచ్చింది. బెదిరించో, మోసగించో, ఆశ చూపో దోపిడీ కోసం మనిషిని చేర్చుకున్నా, తరలించినా, దాచినా, అప్పగించినా, అందుకున్నా నేరమే. శిక్ష ఏడు నుంచి పదేళ్లు. బాధితురాలు పద్దెనిమిదేళ్ల లోపుదైతే పదేళ్ల నుంచి యావజ్జీవం. ఆమె ఒప్పుకునే వచ్చిందన్న వాదన చెల్లదు.

వ్యభిచార గృహం నడిపినందుకు పిటా మూడో సెక్షన్‌ కింద మొదటిసారి పడేది ఏడాది నుంచి మూడేళ్ల జైలు, రెండు వేల రూపాయల లోపు జరిమానా. దాడిలో దొరికిన నిర్వాహకుల మీద తేలిగ్గా రుజువయ్యేది ఇదే. 143 నిలబడాలంటే ఆ ఇంటికి మనిషి ఎలా చేరిందో చూపాలి. ఏ పని పేరు చెప్పారు, ఎవరు బస్సెక్కించారు, డబ్బు ఎవరి ఖాతాలో పడింది? ఆ సాక్ష్యం కదిరి వైపు ఉంటుంది. దర్యాప్తు అధికారి మహారాష్ట్రలో ఉంటాడు. అంటే పెద్ద శిక్ష పడాల్సిన దళారి పేరు చార్జిషీటులో 'పరారీ' అన్న ఒక్క మాటతో ముగిసిపోవచ్చు. విడుదలై వచ్చిన మహిళ మళ్లీ అతని ఊళ్లోనే బతకాలి.

కదిరి స్టేషన్‌లోనే పిటా ఐదో సెక్షన్‌, న్యాయ సంహిత 143 కలిపి కేసు కట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. నేరం ఏ స్టేషన్‌ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత 173వ సెక్షన్‌ చెబుతోంది. వీడియో ద్వారా సాక్ష్యం ఇచ్చే వీలు కూడా ఆ చట్టంలో ఉంది కాబట్టి, పుణెలో విచారణ ఉన్నప్పుడల్లా బాధితురాలు రైలెక్కాల్సిన పని లేదు. దళారి దొరక్కపోయినా, విచారణే మొదలుకాకపోయినా, అదే చట్టం 396వ సెక్షన్‌ కింద పరిహారం కోసం ఆమె జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు.