తంగేడు పువ్వు మీది, చెక్క మాదా?

2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పం చేశారు. సంతోషం. బతుకమ్మలో పేర్చే పువ్వుకు పీట వేశారు. మరి అదే చెట్టు చెక్కతో ఊరికంతా చెప్పులు తొడిగిన మాదిగ ఊసేది?

పచ్చితోలు ఎండకు ఒకట్రెండు రోజుల్లోనే కుళ్లుతుంది. దాన్ని సున్నపు నీళ్లల్ల నానేసి, వెంట్రుక గీకి, కండ తీసి, కడిగి, తంగేడు చెక్క దంచిపోసిన లందలో రోజుల తరబడి ఊరేస్తే కుళ్లని తోలవుతుంది. చెక్కలోని వగరే తోలును కట్టి నిలబెడుతుంది. కరక్కాయా అంతే. ఇది కాలేజీలో చెప్తే కెమిస్ట్రీ, మా తాత చేస్తే కంపు!

మోట బొక్కెన లేనిదే మీ పొలం తడిసేదా? బొక్కెన కావాలి, కుట్టిన చెయ్యి మాత్రం అంటు. చెప్పులు కుట్టినోడే మీ వాకిలి ముందు చెప్పులు చేతబట్టి నడవాలె!

ఇప్పుడు కొందరు పెద్దమనుషులు "క్రోమియంతో నీళ్లు పాడవుతున్నయ్, చెట్టుచెక్క తోలే మేలు, మీ కులవిద్య వదలొద్దు" అని నీతులు చెప్తున్నారు. అయ్యా, అంత మేలైతే ముందు మీ పిల్లల్ని లందలో దింపండి! 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకే మనోళ్లను కట్టేసి కొట్టారు. అక్కడి దళితులు కళేబరాలు తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు పడేశారు. అదీ జవాబంటే!

విద్య మాది. వెట్టి మాది కాదు. తోలు ఫ్యాక్టరీలో, పరిశోధనలో, పాఠ్యపుస్తకంలో మా వాటా మాకు రావాలె.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ముసలోళ్లను అడగండి, ఆ పనితనమంతా రాసి పెట్టండి. మళ్లీ లందలోకి దిగనీకి కాదు, లెక్క అడగనీకి.

జై భీం!