మా అమ్మాయి ఏడాది లెక్క

డిసెంబరు 31 రాత్రి మా అమ్మాయి ఫోన్‌లో ఏదో రాసుకుంటూ ఒక్కతే నవ్వుకుంటోంది. "ఏంటే?" అంటే చదివి వినిపించింది.

"ఈ ఏడాది నేను సాధించినవి: లింగంపల్లి ట్రాఫిక్‌లో నిలబడే నిద్రపోవడం నేర్చుకున్నా. బస్సుల్లో మూడు గొడుగులు దానం చేశా. అమ్మ పెట్టిన బీరకాయ కూర పక్క సీటు అమ్మాయికి అంటగట్టి, ఆమె పులిహోర తినేశా. అమీన్‌పూర్ చెరువులో పక్షుల్ని ఫోన్‌లోనే చూశా."

అందరం పడీపడీ నవ్వాం. కానీ ఆ చివరి మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆ చెరువు మా బీరంగూడ పక్కనే. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలం ఎక్కడెక్కడి పక్షులో వస్తాయి. పొద్దున్నే గచ్చిబౌలికి పోయి చీకటిపడ్డాక వచ్చే పిల్లకి చెరువు ఎట్లా కనపడుతుంది? ఉన్న ఒక్క ఆదివారం కాసేపు పడుకుంటే, లేపి పెళ్లి సంబంధాల ఫోటోలు చూపించింది నేనే.

మన పిల్లలు "అలసిపోయానమ్మా" అని చెప్పరు. చెబితే "మేం చెయ్యలేదా చాకిరీ?" అంటాం కదా! అందుకే జోకులో కలిపి చెబుతారు. జీతం పెరిగిందా, సంబంధం చూడమంటావా అని అడిగేముందు ఆ జోకుని ఇంకోసారి వినాలని నాకనిపిస్తోంది.

ఈ ఆదివారం తను లేచాకే ఇద్దరం చెరువుకి వెళ్తున్నాం. డబ్బాలో పులిహోరే. ఫోటోలు మాత్రం బీరువాలోనే.

మీ పిల్లలు ఈ ఏడాది ఏం జోకులేశారు?