ఇంకా కష్టపడు అనే ముందు

కష్టపడితే ఫలితం దానంతట అదే వస్తుందని వింటూ పెరిగాం మనమంతా. అందుకే గ్రూపులో ఎవరైనా "ఎన్‌క్లెక్స్ పోయింది అక్కా" అని పెడితే మన వేళ్ళు వాటంతటవే "ఇంకొంచెం కష్టపడమ్మా, వచ్చేస్తుంది" అని టైపు చేస్తాయి. మంచి మనసుతో చెప్పే మాటే, కాదనను. కానీ ఆ మాట చాలదు, ఒక్కోసారి హాని కూడా చేస్తుందని నా అభిప్రాయం.

పరీక్ష పోయిన మనిషి కష్టపడలేదా? నర్సింగ్ హోములో అసిస్టెంటుగా పన్నెండు గంటల డ్యూటీ చేసి, ఇంటికొచ్చి వంట చేసి, పిల్లల హోంవర్కు చూసి, రాత్రి పదకొండుకి పుస్తకం తెరిచిన మనిషి ఆవిడ. ఇంకా కష్టపడాలంటే నిద్ర ఒక్కటే మిగిలింది తగ్గించుకోడానికి. గానుగెద్దు కూడా పొద్దస్తమానం నడుస్తుంది, ఉన్నచోటే ఉంటుంది. శ్రమ ఎంత పెట్టామన్నదానికంటే ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం.

ఊళ్ళో ఉన్న అమ్మలకీ అత్తలకీ ఈ పరీక్ష సంగతి కొంచెం చెప్పాలి. మన దగ్గర బీఎస్సీ నర్సింగో, జీఎన్‌ఎమ్మో చదివి ఎన్నేళ్ళు పనిచేసినా, ఇక్కడ రిజిస్టర్డ్ నర్సు కావాలంటే ఇది పాసవ్వాల్సిందే. కంప్యూటర్ మీద రాస్తారు. ఐదు గంటల సమయం, కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. ఒకటి సరిగ్గా చెబితే తర్వాతిది కాస్త కష్టమైనది వస్తుంది, తప్పు చెబితే కాస్త తేలికైనది వస్తుంది. మన స్థాయి ఎక్కడుందో వెతుక్కుంటూ పోతుంది ఆ మెషీను. బాగా చదివినవాళ్ళకి కూడా అన్నీ తెలియనట్టే అనిపిస్తుంది. "ప్రశ్నలు కష్టంగా వచ్చాయి, ఇక అయిపోయింది" అని మధ్యలోనే చేతులెత్తేసేవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. కష్టమైన ప్రశ్న వచ్చిందంటే మనం పైకి వెళ్తున్నామనే అర్థం కావచ్చు.

పోయినవాళ్ళకి ఒక రిపోర్టు ఇస్తారు. ఏ విభాగంలో పాస్ స్థాయికి పైన ఉన్నారు, ఎక్కడ దగ్గర్లో ఉన్నారు, ఎక్కడ కింద ఉన్నారు అని అందులో విడివిడిగా ఉంటుంది. చాలామంది బాధతో దాన్ని మూసి పక్కన పెట్టేస్తారు. మళ్ళీ అదే లావుపాటి పుస్తకం, మళ్ళీ మొదటి పేజీ! గుండె జబ్బుల పాఠం మూడోసారి కంఠతా వస్తుంది. నలుగురు పేషెంట్లలో ముందు ఎవర్ని చూడాలి, ఏ పని అసిస్టెంటుకి అప్పజెప్పవచ్చు, ఏది అప్పజెప్పకూడదు అనే ప్రశ్నల్లో మాత్రం మళ్ళీ తడబడతారు. మన దగ్గర వార్డుల్లో పని పంచుకునే పద్ధతి వేరు కాబట్టి ఈ భాగం చాలామందికి కొత్త.

మళ్ళీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి. ఆ రోజుల్లో రిపోర్టులో "కింద" అని ఉన్న విభాగాలతో మొదలుపెట్టండి. ప్రాక్టీసు ప్రశ్న తప్పయిన ప్రతిసారీ ఎందుకు తప్పయిందో నోటుబుక్కులో ఒక ముక్క రాసుకోండి. విషయమే తెలియదా? ప్రశ్న సరిగ్గా చదవలేదా? తెలిసి కూడా అనుమానంతో జవాబు మార్చారా? మూడింటికీ మందు వేరు. మొదటిదానికి పుస్తకం కావాలి, రెండోదానికి నిదానం కావాలి, మూడోదానికి ధైర్యం కావాలి. నైట్ డ్యూటీ చేసొచ్చి కునుకుపాట్లతో మూడు గంటలు కూర్చునేకంటే, పడుకుని లేచి నలభై నిమిషాలు చదవడం మేలు. చదివింది తలలో నిలవాలన్నా నిద్ర కావాలి. అది బద్ధకం కాదు.

నర్సులు కానివాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. డ్రైవింగ్ టెస్టు పోతే ఎగ్జామినర్ ఏ తప్పుకి మార్కులు తీశాడో చూసుకుని, ఆ ఒక్కటీ సాధన చేయాలి. అలాగే మన చేతిలో లేనిదేమిటో కూడా గుర్తించాలి. హెచ్-4 మీద ఉన్నవాళ్ళలో కొందరికి 2015 మే 26 నుంచి పని పర్మిట్ దొరుకుతోంది. భర్త గ్రీన్‌కార్డు పని కొంతదూరం నడవనివాళ్ళకి ఇప్పటికీ లేదు. చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. ఇది రూలు. "నాలోనే ఏదో లోపం ఉంది" అని కుమిలిపోవాల్సిన విషయం కాదు.

ఇక అసలు ప్రశ్న: శ్రద్ధగా చదవడానికి టైమ్ ఎవరిస్తారు? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ వచ్చి, ఆసుపత్రిలో రాత్రిపని చేస్తూ హార్వర్డ్‌లో చదివారని పిల్లలకి గర్వంగా చెబుతాం. చెప్పాలి కూడా. కానీ ఆయన తిరిగి ఇండియా వెళ్ళలేదు. భార్య శేషగిరి గారు అక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఒకరి పట్టుదల వెనక ఇంకొకరు మోసిన బరువు ఉంటుంది. మగవాడు చదివితే ఆ బరువు ఇల్లాలు మోయడం మనకి సహజంగా అనిపిస్తుంది. మరి ఇల్లాలు చదివితే?

అందుకని ఇంట్లోవాళ్ళకి నా మాట ఇది. ఆ 45 రోజులూ వారానికి మూడు సాయంత్రాలు వంట, పిల్లల స్నానాలు వేరేవాళ్ళు చూసుకోండి. ఊరి నుంచి ఫోన్ చేసేవాళ్ళు "రిజల్ట్ ఎప్పుడమ్మా?" అని అడగడం మానేసి "అన్నం తిన్నావా, పడుకున్నావా?" అని అడగండి. దగ్గర్లో ఉన్న అక్కచెల్లెళ్ళు పువ్వుల బొమ్మలు పంపండి, వద్దనను. వాటితోపాటు "శనివారం పొద్దున పిల్లల్ని నా దగ్గర దింపు" అని కూడా రాయండి. ఆ ఒక్క పూట ఆవిడకి ఎంత పెద్ద సాయమో, ఇక్కడ పిల్లలతో పరీక్షలు రాసినవాళ్ళందరికీ తెలుసు.