విషవాయు వాగనుల ప్రమాదములనుగూర్చి పూతలపట్టు ప్రజల వినతిపత్రము

మహారాజశ్రీ చిత్తూరు జిల్లా కలెక్టరు వారికిని, రైల్వే డివిజనల్ మేనేజరు వారికిని పూతలపట్టు మండలవాసులు నమస్కరించి సమర్పించుకొను విన్నపము.

ఆర్యా,

2020 ఆగస్టు 20వ తేదీ సాయంకాలమున మా మండలమందలి బండపల్లి చెంత పాలకర్మాగారములో అమ్మోనియా వెలువడి, 14 మంది శ్రామికస్త్రీలు అస్వస్థులై చిత్తూరు ఆసుపత్రి పాలైన సంగతి తమకు విదితమే. దానికి మూడు మాసములు ముందుగా, మే 7న, విశాఖపట్టణపు వెంకటాపురములో స్టైరీన్ ఆవిరి నిద్రలోనున్నవారినే పొట్టనబెట్టుకొనెను. కర్మాగారమైనచో ఎచ్చటనున్నదో ఊరికి తెలియును. రైలు వాగను ఎచ్చట పట్టాలు తప్పునో అదియే ప్రమాదస్థలము. పాకాల–కాట్పాడి మార్గమో, మా పొలముల నడుమనుండియే సాగుచున్నది.

2025 జూలై 13న తిరువళ్ళూరు వద్ద డీజిల్ వాగనులు తగులబడినపుడు ఆ పొగ ఆమడదూరమునకు కనబడి జనులను హెచ్చరించెను. విషవాయువునకు అంతటి కనికరముండదు. అమెరికాలోని గ్రానైట్‌విల్‌లో 2005 జనవరి 6న రైలు వాగను పగిలి వెలువడిన క్లోరిన్ 9 మందిని బలిగొన్నది.

మమ్ము మిక్కిలి కలతపెట్టు విషయమొకటి మనవిచేయుచున్నాము. సున్నకు దిగువ 33 డిగ్రీలకే మరుగు అమ్మోనియా నేలపై మడుగుకట్టి తెల్లని పొగమంచువలె పాకుచుండగా, మావారు నిప్పంటుకొన్నదనుకొని బిందెలతో నీరు గుమ్మరింప పరుగెత్తుదురు. ఆ మడుగుపై నీరుపడిన ఆవిరి ఇబ్బడియగును. అగ్నిమాపకదళము వారు దూరమునుండి సన్నని తుంపరగా చల్లు నీరు మాత్రమే ఆ ఆవిరిని కరగించి క్రిందికి దింపును. గాలివాలున పోక, దానికి అడ్డముగా తొలగవలెనని ఎవరును మాకు నేర్పలేదు.

అరక్కోణమున జాతీయ విపత్తు స్పందనదళపు 4వ బెటాలియను ఉన్నమాట నిజమే. కాని వారు వచ్చులోగా గడచు మొదటి గంట మాది, మా బిడ్డలది. వాగనులోని సరుకును గుర్తించుటకు 1005 అను సంఖ్య అమ్మోనియాకును, 1017 క్లోరిన్‌కును అంతర్జాతీయ సంకేతములు. ఈ రెండు సంఖ్యలైనను గేటుమానునకు, పంచాయతీ కార్యదర్శికి కంఠస్థమైయుండిన ఆ గంట వృథాకాదు.

కావున, 1996 నాటి రసాయన ప్రమాదముల నియమములననుసరించి తమ అధ్యక్షతన నడువవలసిన జిల్లా సంక్షోభ నివారణ బృందమున రైల్వేవారిని కూర్చుండబెట్టి, ఈ మార్గమున పోవు విషపదార్థముల వివరములను తహశీల్దారునకు ముందుగా తెలియజేయించి, అగ్నిమాపక కేంద్రమునకు శ్వాసయంత్రములు సమకూర్చి, పంచాయతీ మైకు ద్వారా హెచ్చరించు పద్ధతిని ఏర్పరచి, రాబోవు మామిడికోతలకు ముందే మా ఊళ్ళలో ఒక్క అభ్యాసమైనను జరిపింప ఉత్తరువొసంగవలెనని ప్రార్థించుచున్నాము.

ఇట్లు, విధేయులు,
పూతలపట్టు మండలవాసులు