పెరుగు తోడుకోని రోజులు

ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో పెత్తనమంతా పెరుగు గిన్నెదే. వేసవిలో నాలుగైదు గంటల్లో తోడుకునే పాలు ఇప్పుడు తెల్లారినా కదలవు. తోడులోని బ్యాక్టీరియాకు 40 డిగ్రీల దగ్గర ఉన్నంత హుషారు చలిలో ఉండదు మరి. అందుకే పాలు గోరువెచ్చన కంటే కాస్త వేడిగా ఉన్నప్పుడే తోడు పెట్టి, ఓ చెంచా ఎక్కువే వేసి, గిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో దాచడం. ఇడ్లీ పిండిదీ ఇదే గోల. పొద్దున పొంగి ఉండాలంటే ముందురోజు మధ్యాహ్నమే రుబ్బుకోవాలి.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన పేరుకుపోతుంది. సీసాను వేడినీళ్ల చెంబులో నిలబెట్టే పని పిల్లలది. మంచులో ముగ్గు పెట్టేవాళ్ల ఓపికకు దండం. నేను దుప్పట్లోంచి మెచ్చుకునే రకం.

ఆదిలాబాద్, లంబసింగి వైపు పాఠకులు “ఇదీ ఒక చలేనా!” అని నవ్వుతారని తెలుసు. నవ్వండి, నవ్వి మీ కుంపటి కబుర్లు రాసి పంపండి. ఈసారి సంచికలో కథలు కొంచెం పొడుగ్గా ఉన్నాయి. రాత్రులూ పొడుగేగా, భోగి దాకా నింపాదిగా చదువుకోవచ్చు.