అరచేతి నుండి గోడ దాకా

దుబాయి నుండి కోనరావుపేటకు దృశ్యం క్షణకాలంలో చేరుతున్నది. అదే దృశ్యం అరచేతిలోని ఫోను నుండి ఆరడుగుల దూరాన ఉన్న టెలివిజనుకు చేరడానికి నానా తంటాలు పడవలసి వస్తున్నది. బతుకుతెరువు కోసం ఎందరో గల్ఫు దేశాలకు వెళ్లిన సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో ఇది చిన్న విషయం కాదు. కొడుకు పంపిన వీడియోను ముసలితల్లి కళ్లు చికిలించుకొని చూడవలసినదేనా?

ఇది విజ్ఞానశాస్త్రపు అశక్తత కాదు. హెచ్‌డీ దృశ్యంలోని ఒక్కొక్క చట్రంలో 20 లక్షలకు పైగా బిందువులుంటాయి. సెకనుకు 60 చట్రాల చొప్పున కుదించకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు ప్రయాణించాలి. అంతటి ప్రవాహానికి తగిన విశాలమార్గం 60 గిగాహెర్ట్జ్ తరంగాలలో లభించింది. వాటి తరంగదైర్ఘ్యం 5 మిల్లీమీటర్లు. మిల్లీమీటరు తరంగాలపై 1890లలోనే కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ ప్రయోగాలు చేశాడన్నది మన విద్యార్థులు మరువరాని సంగతి. గోడ అడ్డువస్తే ఇవి ఆగిపోతాయి కనుక ఒక ఇంటి దృశ్యం పొరుగింటికి పోదు; మనిషి అడ్డంగా నడిచినా బొమ్మ చెదరడం వీటి బలహీనత.

2008లో ఈ తరంగాలతో వైర్‌లెస్ హెచ్‌డీ, 2009లో 5 గిగాహెర్ట్జ్ తరంగాలతో డబ్ల్యుహెచ్‌డీఐ అనే ప్రమాణాలు వెలువడ్డాయి. ఒకదాని భాష మరొకదానికి తెలియదు. రెండూ సామాన్యుని ఇల్లు చేరలేదు. దృశ్యాన్ని కుదించి సాధారణ వైఫైలోనే పంపే పద్ధతి నెగ్గింది. అక్కడా పోటీయే! 2010లో ఆపిల్ ఎయిర్‌ప్లే, 2012లో వైఫై అలయన్స్ వారి మిరాకాస్ట్, 2013లో గూగుల్ క్రోమ్‌కాస్ట్ వచ్చాయి. వీనిలో మిరాకాస్ట్‌కు ఇంటర్నెట్టు గాని, రౌటరు గాని అక్కరలేదు. ఫోను, టెలివిజను నేరుగా మాట్లాడుకొంటాయి. పల్లెటింటికి తగినది ఇదే. కాని అది ఏ ఫోనులో ఉన్నదో, ఏ టెలివిజనులో లేదో తెలుసుకోవడం కష్టం. ఒక్కొక్క సంస్థ దానికి ఒక్కొక్క పేరు పెట్టుకొన్నది మరి.

తీగ ఉన్నది కదా అనేవారున్నారు. చవక ఫోన్లలో తీగ ద్వారా దృశ్యాన్ని పంపే సదుపాయమే అరుదు.

2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమైనాయి. ప్రసార సమయం తప్పిన బాలిక ఆ పాఠాన్ని ఫోనులోనే చూసుకోవాలి. ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఒక్క ఫోను ఉన్నచోట ఎవరి పాఠం వెనుకబడుతుందో ఊహించవచ్చు. ఎదురుగా టెలివిజను ఉండి కూడా!

విద్యుత్తు పొదుపును తెలిపే నక్షత్రాల గుర్తును టెలివిజనులపై తప్పనిసరి చేసిన ప్రభుత్వం, ఇంటర్నెట్టు లేకుండా ఫోను నుండి దృశ్యాన్ని స్వీకరించగలదో లేదో తెలిపే గుర్తును కూడా తెలుగులో, కొట్టవచ్చినట్లు కనబడేలా ముద్రింపజేయాలి.