నేరం తల్లిది కాదు

"నీ పెంపకం సరిగ్గా లేకే వాడు అట్లా తయారయ్యాడు." మా సంఘానికి వచ్చిన ఒక తల్లిని అత్తింటివాళ్లు అన్న మాట ఇది. పిల్లవాడికి నాలుగేళ్లు. పేరు పెట్టి పిలిస్తే పలకడు. కావలసిన వస్తువును వేలు పెట్టి చూపించడు, తల్లి చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళతాడు. కుక్కర్ కూత పెడితే చెవులు మూసుకుని ఏడుస్తాడు. ఏడాదిన్నరకు వచ్చిన నాలుగు మాటలూ రెండేళ్లకు పోయాయి. భర్త ఇంకో పెళ్లి చేసుకుంటానని బెదిరిస్తున్నాడు. మేము దీన్ని మామూలు కుటుంబ తగాదాగా రాసుకున్నాం. అది మా పొరపాటు. పిల్లవాడికి ఉన్నది ఆటిజం అని మాకూ ఆలస్యంగానే తెలిసింది.

తల్లిని నిందించడం చదువులేనివాళ్ల అజ్ఞానం అనుకుంటాం. కానీ ఈ నిందకు శాస్త్రం ముసుగు వేసింది డాక్టర్లే. అమెరికాలో లియో కానర్ 1943లో 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజం గురించి రాశాడు. 1949లో ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత కొరవడిందన్నాడు. క్రమంగా నింద మొత్తం తల్లి మీదికి జరిగి, 'ఫ్రిజ్ తల్లులు' అన్న పేరు పుట్టింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ పుస్తకం దాన్ని మరింత ప్రచారం చేసింది. ఆటిజం ఉన్న కొడుకును పెంచిన బెర్నార్డ్ రిమ్లాండ్ ఇది శరీరానికి సంబంధించిన విషయమని 1964లోనే వాదించాడు. ఇవాళ సందేహం లేదు. ఇది మెదడు ఎదుగుదలలోని తేడా. ఇందులో జన్యువుల పాత్ర ఎక్కువ. పెంపకం వల్ల రాదు, తల్లి ఉద్యోగానికి వెళ్లడం వల్ల రాదు, టీకాల వల్లా రాదు.

ఆడపిల్లల్లో దీన్ని గుర్తించడం ఇంకా తక్కువ. ఎవరితోనూ కలవకుండా మూల కూర్చునే పిల్లను 'అణకువ' అని మెచ్చుకుంటాం గదా!

1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చోటు దొరికింది. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదొకటి. ఆ చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం పొందిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. కానీ ఆ పత్రం కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగేదెవరు? థెరపీ కోసం ఉద్యోగం మానుకునేదెవరు? తల్లే. ఆ చాకిరీకి లెక్క లేదు, సెలవు లేదు.

అందుకే ఇది డాక్టర్లకు వదిలేసే విషయం కాదు, స్త్రీల హక్కుల సమస్య. పిల్లల ఎదుగుదల గురించి అడగడం మన కౌన్సెలింగులో భాగం కావాలి. తొలి లక్షణాలను గుర్తించే శిక్షణ ప్రతి అంగన్‌వాడీ కార్యకర్తకూ ఇవ్వాలని, థెరపీ మండల స్థాయిలో ఉచితంగా దొరకాలని అడగాలి. తండ్రిని కూడా పిలిపించి కూర్చోబెట్టాలి. ఆ తల్లి మళ్లీ వచ్చినప్పుడు మేము మొదట చెప్పిన మాట: "ఇందులో నీ తప్పేమీ లేదమ్మా." ఆమె చాలాసేపు ఏడ్చింది. నాలుగేళ్లలో ఆ మాట చెప్పిన మనిషి ఒక్కరూ లేరట.